ఆ తెల్లగోడలూ పూల కర్టెన్లూ మనకు కొత్త కాదు

యానాంలోనైనా బరంపురంలోనైనా, ఈమధ్య పాత ఇల్లు బాగు చేయించుకునేవాళ్ల నోటా, ఏటి ఒడ్డునో సముద్రం పక్కనో రెండు గదులు కట్టి సెలవులకు వచ్చేవాళ్లకు అద్దెకిద్దామనుకునేవాళ్ల నోటా ఒకటే మాట వినిపిస్తోంది: ‘‘యూరప్ స్టైల్లో చేయించాలి.’’ ఫోన్లో నాలుగు ఫొటోలు చూపిస్తారు. తెల్లటి గోడలు, నీలి తలుపులు, పూల కర్టెన్లు, కిటికీలో పింగాణీ కూజా. మేస్త్రీ తల ఊపుతాడు. నెల తిరిగేసరికి గోడలకు ప్లాస్టిక్ పెయింటు, తలుపులకు నీలం ఎనామిల్, హాల్లో ఒక ప్లాస్టిక్ లంగరు, దాని పక్కన ఓడ చక్రం ఆకారంలో గడియారం. ఫొటోకి బాగానే ఉంటుంది. రెండు వానాకాలాలు గడిచాక చూడాలి.

ఇది ఎవరినో వెక్కిరించడానికి రాస్తున్నది కాదు. మా ఇంట్లో మేమూ అదే చేశాం. తాతగారు కట్టించిన పెంకుటిల్లు, ఇటుక గోడలు, గుల్లసున్నం పూత. నాలుగేళ్ల క్రితం అందరం తలా కొంత వేసుకుని, గోడలు గీకించి, మంచి ఖరీదైన ప్లాస్టిక్ పెయింటు కొట్టించాం. మెరిసింది. రెండో వానాకాలానికి గోడ అడుగున మోకాలెత్తు వరకూ బొబ్బలు లేచాయి. గోటితో గిల్లితే పెయింటు పొరలు పొరలుగా ఊడి, వెనక తెల్లటి ఉప్పు రాలుతోంది. ‘‘గోడలు చచ్చిపోయాయి, పడగొట్టి స్లాబు వేసేద్దాం’’ అన్నాడు మా చిన్నన్నయ్య. ఆ మాట దగ్గరే నేను ఈ యూరప్ ఇళ్ల గురించి చదవడం మొదలుపెట్టాను. ఆ ఫొటోల్లో ఇళ్లు రెండు మూడు వందల ఏళ్ల నాటివి. వాళ్ల సముద్రం కూడా ఉప్పు సముద్రమే. వాళ్ల గోడలు ఎందుకు నిలబడ్డాయి? ఆ అలంకరణ అసలు ఎక్కడి నుంచి వచ్చింది?

చదివే కొద్దీ తెలిసింది ఏమిటంటే, ఆ ఇళ్లలో మనం ‘స్టైల్’ అనుకునేదాంట్లో సగానికి పైగా అవసరం కొద్దీ పుట్టింది. మిగతా సగంలో చెప్పుకోదగ్గ ముక్క మన తీరం నుంచే వెళ్లింది.

తొట్టిలో సున్నం, పొట్లంలో నీలి

ముందు అందరూ చూపించే గ్రీసు ఫొటో సంగతి. సాంటోరిని, మికొనోస్, పారోస్ లాంటి సైక్లడీస్ దీవుల్లో చెట్లు తక్కువ, కలప అరుదు. ఇళ్లు రాతితో కట్టుకున్నారు. పైన సున్నం కొట్టుకున్నారు. తెలుపు ఎండను తిప్పికొడుతుంది కాబట్టి ఇల్లు చల్లగా ఉంటుంది. వాననీటిని డాబా మీద పట్టి తొట్లలో నిలవ చేసుకునే ఊళ్లు అవి. సున్నం కొట్టిన డాబా మీద నీరు శుభ్రంగా ఉంటుంది. సున్నం ఘాటుకు క్రిములు బతకవని కూడా తెలుసు. 1930ల్లో అంటురోగాల భయంతో గ్రీసు ప్రభుత్వమే ఇళ్లకు వెల్ల వేయమని ఆదేశాలిచ్చింది. అందం కోసం వేసిన తెలుపు కాదది, ఆరోగ్యం కోసం వేసినది.

మరి ఆ నీలం? అక్కడి వాళ్లు దాన్ని ‘లులాకి’ అంటారు. బట్టలకు పెట్టే నీలిమందు. ప్రతి ఇంట్లో ఉండే చవక సరుకు. పొడి కాస్త తీసి సున్నంలో కలిపితే కిటికీలకూ తలుపులకూ గుమ్మటాలకూ రంగు తయారు. ఇక్కడ మీకు నవ్వు రావాలి. సంక్రాంతికి ముందు సున్నం తొట్టిలో నీలిమందు పొట్లం విప్పి కలపని ఇల్లు మన వైపు ఉండేదా? మనది తెలుపు ఇంకా తెల్లగా కనబడడానికి చిటికెడు, వాళ్లది నీలంగానే కనబడడానికి గుప్పెడు. తేడా అంతే. ఇవాళ మనం ఆ రంగును షేడ్ కార్డులో నంబరు చూసి డబ్బాల్లో కొంటున్నాం.

గోడ సంగతికి వస్తాను. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మెల్లగా మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. ఆ పొర గట్టిదే గానీ సన్నటి రంధ్రాలుంటాయి. పాత ఇళ్లకు పునాదిలో తేమను ఆపే పొర ఉండదు. నేలలో నీరు ఇటుకల్లోకి ఎక్కుతూనే ఉంటుంది. సున్నం పూత దాన్ని అడ్డుకోదు, బయటికి ఆరిపోనిస్తుంది. మా గోడకు మేం చేసిన పని ఆ దారి మూసెయ్యడం. ప్లాస్టిక్ పెయింటు గోడకు సంచి తొడిగినట్టు. లోపల చిక్కిన నీరు పొర వెనక ఆరి, దాంతో వచ్చిన ఉప్పు అక్కడే గడ్డకట్టి, పెయింటును నెట్టేస్తుంది. సున్నపు గోడకు సిమెంటు ప్లాస్టరింగు చేయించినా ఇదే గతి, కాకపోతే కాస్త ఆలస్యంగా.

ఇంగ్లండులోనూ ఇదే పొరపాటు జరిగింది. ఇరవయ్యో శతాబ్దంలో పల్లెటూరి రాతి కుటీరాలకు సిమెంటు పూసి, తరవాత గోడలు చెమ్మగిల్లి, మళ్లీ దాన్ని చెక్కించి సున్నం పూయించుకున్న వాళ్లు ఎందరో. పాత కట్టడాల పరిరక్షణ సంఘం అని అక్కడ ఒకటుంది. కవీ, అద్దకపు డిజైన్లు గీసిన కళాకారుడూ అయిన విలియం మోరిస్ స్నేహితులతో కలిసి 1877లో స్థాపించాడు. ఆ రోజుల్లో బాగుచేత పేరుతో పాత చర్చిల గోడల మీది పూతలన్నీ గీకేస్తుంటే వద్దని పోరాడారు, అందుకని వాళ్లకు ‘గీకుడు వ్యతిరేకులు’ అని ముద్దుపేరు కూడా పడింది. ఆ సంఘం ఇప్పటికీ చెప్పేది ఇదే: పాత గోడకు సున్నమే వెయ్యండి, పాడైనంత మేరకే బాగు చెయ్యండి. మోరిస్ పేరు గుర్తుంచుకోండి, గుడ్డల దగ్గర మళ్లీ వస్తాడు.

సున్నం వేయించాలనుకునేవాళ్లకు రెండు మాటలు. నానబెట్టిన సున్నం ఎంత నానితే అంత మంచిది. గోడ తడిపి, పల్చగా మూడు నాలుగు పూతలు వెయ్యాలి. చిక్కగా ఒకటే పూత వేస్తే పగులుతుంది. మండుటెండలో వెయ్యకూడదు. వాన తట్టుకోవడానికి యూరప్‌లో పశువుల కొవ్వో అవిసెనూనో కలిపేవారు. మన వాళ్లు తుమ్మజిగురు, బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం కలిపేవారు. కళ్లకు అద్దాలు తప్పనిసరి, సున్నం చుక్క కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఇంకొకటి, ప్లాస్టిక్ పెయింటు మీద సున్నం నిలవదు. ముందు ఆ పొర మొత్తం పోవాలి.

రాగి గనిలో పుట్టిన ఎరుపు

స్వీడన్ పల్లెల్లో వేసవి కుటీరాలు మరో రకం. చెక్క గోడలు ముదురు ఎరుపు, మూలల్లోనూ కిటికీ చట్రాలకూ తెలుపు. ఆ ఎరుపు ఫాలున్ అనే ఊళ్లోని రాగి గని నుంచి వచ్చింది. రాగి తీయగా మిగిలిన మట్టిలో ఇనుము పాలు ఎక్కువ. మన జేగురు లాంటిదే. ఆ పొడిని నీళ్లలో, రై అనే ధాన్యపు పిండి వేసి అంబలిలా ఉడికించి, కాస్త అవిసెనూనె కలుపుతారు. గంజి రంగు అనుకోండి. చెక్కను కాపాడుతుంది, తేమను బంధించదు. మొదట్లో గొప్పవాళ్లు తమ చెక్క ఇల్లు ఇటుక భవనంలా కనబడాలని వేసుకున్న రంగు, పందొమ్మిదో శతాబ్దానికి రైతు ఇళ్లకు చేరింది. గని 1992లో మూతపడింది గానీ, ఆ రంగు ఇప్పటికీ తయారవుతోంది.

ఆ ఫాలున్‌కు దగ్గర్లోనే సుండ్‌బోర్న్ అనే పల్లె. చిత్రకారుడు కార్ల్ లార్సన్‌కు, ఆయన భార్య కారిన్‌కు 1888లో కారిన్ తండ్రి అక్కడ ఒక చిన్న ఇల్లు ఇచ్చాడు. ఆ రోజుల్లో డబ్బున్న వాళ్ల ఇళ్లంటే ముదురు తెరలు, బరువైన బల్లలు, చీకటి గదులు. వీళ్లు తెరలు తీసేశారు. పాత కుర్చీలకు రంగులు వేశారు, భోజనాల గదికి ఎరుపూ ఆకుపచ్చా కొట్టారు, తలుపుల మీద పిల్లల బొమ్మలు గీశారు. ఆ గదులను కార్ల్ నీటిరంగుల్లో బొమ్మలుగా వేసి 1899లో పుస్తకంగా వేయించాక, ఇవాళ ‘స్వీడిష్ స్టైల్’ అంటున్నదానికి అదే మూలం అయింది. పేరు ఆయనకే దక్కింది. కారిన్ కూడా చిత్రలేఖనం చదువుకున్న మనిషే. పెళ్లయ్యాక కుంచె పక్కన పెట్టి మగ్గం పట్టింది. బల్ల గుడ్డలూ దిండు గలీబులూ కుర్చీ తొడుగులూ ఆవిడ నేసినవీ కుట్టినవీ. ఆ ఫొటోల్లో కింద పరిచి ఉండే చారల తివాచీ చిరుగు బట్టల పేలికలతో నేసినది. మన అమ్మమ్మల బొంతకు అక్కచెల్లెలు.

మచిలీపట్నం గుడ్డ, లండన్ మంచం

ఇప్పుడు గుడ్డల సంగతి. నిజానికి ఈ వ్యాసం రాయాలనిపించింది దీని కోసమే.

ఇంగ్లీషు పల్లె ఇల్లు అనగానే కళ్లముందు నిలిచేది పూలూ తీగలూ ఉన్న కర్టెన్లు, అదే గుడ్డ తొడిగిన సోఫా. దాన్ని చింట్స్ అంటారు. చుక్కలు చిలకరించిన గుడ్డ అనే అర్థం ఉన్న ‘ఛీంట్’ అనే హిందీ మాటే ఇంగ్లీషులో అలా మారింది. ఆ గుడ్డ పుట్టిల్లు హిందుస్థానం, అందులోనూ మంచి రకానికి కోరమాండల్ తీరం.

1600ల మొదటి దశకంలోనే డచ్చి వాళ్లు మచిలీపట్నంలోనూ, ఇప్పుడు నిజాంపట్నం అనే రేవులోనూ కొట్లు తెరిచారు. తరవాత ఇంగ్లీషు వాళ్లు, 1669లో ఫ్రెంచి వాళ్లు వచ్చారు. ఆ తరవాత అర్ధశతాబ్దానికి ఫ్రెంచి వాళ్లు యానాంలో దిగారు. మిరియాల దీవులకు వెళ్లే ఓడలకు మారకపు సరుకుగా మొదలైన మన గుడ్డ కొద్ది దశాబ్దాల్లో యూరప్ పడకగదుల్లోకి వెళ్లింది. అక్కడి వాళ్లను పిచ్చెక్కించింది బొమ్మ కాదు, రంగు. అప్పటికి వాళ్లకు నూలు గుడ్డ మీద ఉతికినా పోని రంగు వెయ్యడం రాదు. మన అద్దకం వాళ్లు గుడ్డను కరక్కాయ నీళ్లలో, గేదెపాలలో నానబెట్టి, ఎరుపు రావలసిన చోట పటిక నీళ్లు, నలుపు రావలసిన చోట ఇనుమూ బెల్లమూ ఊరిన కసిమి పెట్టి, చిరివేరు రసంలో ఉడికించేవారు. పటిక తగిలిన చోటే ఎరుపు పట్టేది. నీలం కావాలంటే మిగతా గుడ్డంతా మైనం పూసి నీలి తొట్టిలో ముంచేవారు. ఉతికిన కొద్దీ రంగు తేటపడేదే తప్ప వెలిసేది కాదు. కృష్ణా డెల్టాలో పండిన చిరివేరు ఎరుపుకు పేరు.

బేరగాళ్ల కోరికలు మన పనిని మార్చాయి. మన గుడ్డ మీద నేల ఎరుపు, బొమ్మ తెలుపు. మాకు నేల తెల్లగా ఉండాలి, పూలు రంగుల్లో ఉండాలి అని పదిహేడో శతాబ్దంలోనే లండన్ నుంచి ఉత్తరాలొచ్చాయి. అలా పుట్టిందే ‘పాలంపోర్’ అని వాళ్లు పిలిచిన పెద్ద పడక దుప్పటి. పలంగ్ పోష్ అన్న మాటకు వచ్చిన రూపం. గుట్ట మీంచి లేచి దుప్పటంతా పాకే చెట్టు, ఒక కొమ్మకు ఒక రకం పువ్వు. ఆ చెట్టు ఏ ఊళ్లోనూ మొలవదు. బేరగాడి ఊహ, పనివాడి చెయ్యి కలిసి మొలిపించిన చెట్టు.

గుడ్డ అంతగా అమ్ముడయ్యేసరికి అక్కడి పట్టు, ఉన్ని నేతగాళ్ల పొట్టలు కాలాయి. ఫ్రాన్సు 1686లో మన గుడ్డనూ దాన్ని చూసి చేసిన నకలునూ రెండింటినీ నిషేధించింది. ఆ నిషేధం 1759 దాకా సాగింది. ఇంగ్లండు 1701 నుంచి దిగుమతిని, 1722 నుంచి వాడకాన్నే ఆపింది. ఒంటి మీద కట్టినా తప్పే, కిటికీకి కట్టినా తప్పే. కట్టకుండా ఉన్నారా? ఫ్రాన్సు రాజు 15వ లూయీ ప్రియురాలు మదాం ద పాంపదూర్ బెల్వ్యూలోని తన భవనంలో ఆ నిషిద్ధ గుడ్డలే పెట్టించుకుంది. రాజుగారి చట్టం రాజుగారి చుట్టాలకు వర్తించదు కదా.

ఇంగ్లండు కథ ఇంకా బాగుంటుంది. డేవిడ్ గారిక్ అని పద్దెనిమిదో శతాబ్దంలో లండన్ నాటకాల్లో పెద్ద పేరు. లండన్‌కు ఎగువన, థేమ్స్ నది ఒడ్డున హాంప్టన్‌లో ఆయనకు విశ్రాంతి కోసం ఒక ఇల్లుండేది. కలకత్తాలో నాటకశాల పెట్టుకోవడానికి సాయం చేశాడని అక్కడి ఇంగ్లీషు వర్తకులు కృతజ్ఞతగా ఆయన భార్యకు అద్దకపు గుడ్డ పంపారు. మచిలీపట్నం పని. 1770ల్లో ఆ గుడ్డను లండన్ కస్టమ్స్ వాళ్లు పట్టుకున్నారు. భార్య మంచాన్నీ గదినీ అలంకరించుకోవడానికి సిద్ధంగా ఉంచుకున్న గుడ్డ పోయేసరికి, గారిక్ ఖజానా అధికారికి బతిమాలుతూ ఉత్తరం రాశాడు. ఆ గుడ్డ కోసం చేయించిన మంచం ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఆకుపచ్చా తెలుపూ రంగు వేసిన ఆ మంచం చిప్పెన్‌డేల్ పని అన్నది అక్కడ పెద్ద విశేషం. నాకు మాత్రం గుడ్డ పెద్ద విశేషం. మంచం చేసినవాడి పేరు ఉంది, పడుకున్నవాడి పేరు ఉంది, గుడ్డ మీద పువ్వు వేసినవాడి పేరు లేదు.

నెదర్లాండ్స్‌లో నిషేధం లేదు. అక్కడ ఫ్రీస్‌లాండ్ ప్రాంతంలో హిండెలోపెన్ అని ఒక చిన్న రేవు పట్నం. మగవాళ్లు ఓడల మీద, ఆడవాళ్లు ఇంటి దగ్గర. బీరువా, మంచం, ఉయ్యాల, గోడ చెక్కలు అన్నిటి మీదా పూలూ తీగలూ రంగుల్లో వేసుకున్నారు. అక్కడి ఆడవాళ్లు వేసుకున్న పొడవాటి కోట్లు మన తీరపు అద్దకం గుడ్డతో కుట్టినవి. మామూలు రోజులకు ఎరుపు కలిసిన పూలు, మైలలో ఉంటే నీలం తెలుపు మాత్రమే. మన గుడ్డకు వాళ్ల ఆచారం పట్టిందన్నమాట. లేవార్డెన్‌లోని ఫ్రీస్ మ్యూజియంలో ఆ గుడ్డలు చాలా దాచారు.

ఫ్రాన్సుకు మళ్లీ వస్తే, ఆ దేశపు దక్షిణాన ప్రోవాన్స్ పల్లె ఇళ్ల బల్ల గుడ్డల్నీ మెత్తల్నీ ఇప్పటికీ ‘ఇందియెన్’ అంటారు. అంటే ‘హిందుస్థానీది’ అని. మార్సెయ్ రేవులో దిగిన గుడ్డను చూసి అక్కడే నకలు చెయ్యడం 1640ల్లోనే మొదలైంది. కిటుకు మాత్రం పూర్తిగా చిక్కలేదు. అది చిక్కించుకోవడానికి సాయపడ్డవాళ్లలో కేర్దూ అనే ఫాదిరీ ఒకరు. తెలుగు–ఫ్రెంచి–సంస్కృత నిఘంటువు కూర్చినాయన ఆయనే. మతం పుచ్చుకున్న అద్దకం పనివాళ్లను అడిగి, కరక్కాయ దగ్గర్నుంచి చివరి ఉతుకు దాకా వరసగా 1742లో ఉత్తరం రాసి ఫ్రాన్సుకు పంపాడు. నిషేధం ఎత్తేసిన మరుసటేడు, 1760లో, ఒబెర్‌కాంఫ్ అనే జర్మన్ యువకుడు వెర్సాయ్ దగ్గర జూయ్ అనే ఊళ్లో అద్దకం కార్ఖానా పెట్టాడు. 1770 నుంచి చెక్క అచ్చులతో పాటు రాగి పలకలు వాడి, తెల్లగుడ్డ మీద ఒకే రంగులో గొర్రెల కాపరులు, పడవలు, చెట్టు కింద జంటలు అచ్చేయించాడు. ‘త్వాల్ ద జూయ్’ అని ఇవాళ ఫ్రెంచి పల్లె గదుల ఫొటోల్లో కనబడేది అదే. 1843లో కార్ఖానా మూతపడింది. డిజైను మాత్రం ఇంకా అమ్ముడవుతోంది.

ఇందాకటి మోరిస్ ఇక్కడ మళ్లీ వస్తాడు. 1871లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో కెల్మ్‌స్కాట్ అనే పల్లెలో పాత ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. అప్పటికి రసాయన రంగులు వచ్చేశాయి. అవి వెలిసిపోతుంటే ఒళ్లు మండి, పాత చెట్టు రంగులకు వెళ్లాడు. మోచేతుల దాకా నీలి తొట్లో ముంచి నేర్చుకున్నాడు. ఇంటి తోటలో పండ్లు దొంగిలించే పిట్టల్ని చూసి 1883లో వేసిన నీలి అద్దకం ‘స్ట్రాబెర్రీ థీఫ్’ నేటికీ దిండు గలీబుల మీద దొరుకుతుంది.

మన వాళ్లకేం మిగిలింది? యంత్రాల మీద అచ్చేసిన ఇంగ్లీషు గుడ్డ పందొమ్మిదో శతాబ్దంలో మన బజార్లకే తిరిగొచ్చి అద్దకం ఇళ్లను ముంచింది. అయినా మచిలీపట్నం పక్కన పెడనలో చెక్క అచ్చులు ఇంకా గుడ్డను కొడుతూనే ఉన్నాయి. ‘యూరప్ పల్లె స్టైల్’ పూల కర్టెన్లని ఆన్‌లైన్లో పాలిస్టరు తెప్పించుకునే ముందు అక్కడ ఒకసారి అడగండి. ‘కలంకారీ ప్రింట్’ అని అమ్మేదంతా అచ్చు అద్దకం కాదు, స్క్రీను మీద వేసింది చాలా ఉంటుంది. అచ్చుకీ అచ్చుకీ అతుకు దగ్గర వెంట్రుకవాసి తేడా, గుడ్డ వెనక్కి కూడా దిగిన రంగు కనబడితే చేతి పని అయ్యే అవకాశం ఎక్కువ.

సముద్రం పక్కన

సముద్రపు ఇళ్ల సంగతి తక్కువలో చెబుతాను, ఎందుకంటే మంచి ఇళ్లలో ఉన్న సామానే తక్కువ.

పోర్చుగల్‌లో అవైరో దగ్గర కోస్తా నోవా అని ఒక ఇసుక దిబ్బ ఊరు. జాలర్లు వలలూ సామానూ పెట్టుకున్న చెక్క కొట్లను తరవాత సెలవుల ఇళ్లుగా మార్చారు. ముఖం మీద నిలువు చారలు: ఎరుపు, నీలం, ఆకుపచ్చ, మధ్యలో తెలుపు. లంగరు బొమ్మలు అక్కర్లేదు, చారలు చాలు.

ఫ్రాన్సు దక్షిణ తీరంలో రోక్‌బ్రూన్‌లో ఐలీన్ గ్రే అనే ఐరిష్ ఆవిడ 1926–29 మధ్య కట్టిన తెల్లటి ఇల్లు ఓడ డెక్కులా ఉంటుంది. చక్రాల మీద కదిలే బల్లలు, గోడలోకి మడిచే అరలు, గాలికి తెరుచుకుని ఎండకు మూసుకునే కిటికీ రెక్కలు. ఒక్క వస్తువూ ఊరికే లేదు. 1938లో లె కార్బూజియే అనే ప్రపంచ ప్రసిద్ధుడు అతిథిగా వచ్చి, ఆవిడను అడక్కుండానే ఆ తెల్లగోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేశాడు. ఆవిడ దాన్ని దౌర్జన్యమే అనుకుంది. ఆయనే తరవాత ఆ ఇంటికి ఎగువన 1952లో తన కోసం ఒక చెక్క గది కట్టుకున్నాడు. పొడవు 3.66 మీటర్లు, వెడల్పు అంతే. అంటే మన లెక్కన పన్నెండడుగుల గది. మంచం, బల్ల, సముద్రం వైపు కిటికీ. ఛండీగఢ్ నగరాన్ని గీసిన మనిషి వేసవులు గడిపింది అందులో.

ఇంగ్లండు ఆగ్నేయ కొసన డంజనెస్ అనే గులకరాళ్ల తీరంలో సినిమా దర్శకుడు డెరెక్ జార్మన్ 1980ల్లో ఒక జాలరి గుడిసె కొన్నాడు. గోడలు తారు నలుపు, కిటికీ చట్రాలు పసుపుపచ్చ. ఎదురుగా అణు విద్యుత్ కేంద్రం. అలలు ఒడ్డుకు కొట్టిన కర్రలు, తుప్పు పట్టిన గొలుసులు, చిల్లుల గులకరాళ్లు ఏరి తోట చేశాడు, కంచె కూడా కట్టలేదు. 1994లో ఆయన పోయాక ఆ ఇల్లు చేతులు మారే పరిస్థితి వస్తే, 2020లో జనం చందాలతో 35 లక్షల పౌండ్లు పోగుచేసి నిలబెట్టారు. మనం బోసిగా ఉందని సిగ్గుపడే ఇల్లు లాంటిదే అది.

మా గది

అన్నీ చదివి మా వాళ్లకు చెప్పాను. ‘‘ఆ ఇళ్లు వాళ్లవి, ఆ డబ్బు వాళ్లది’’ అన్నాడు చిన్నన్నయ్య. మాటలో నిజం లేకపోలేదు. అందుకని మొత్తం ఇల్లు కాకుండా, వీధి వైపు గది ఒక్కటి చేసి చూద్దాం అనుకున్నాం. ప్లాస్టిక్ పొర గీకించడానికే ఎనిమిది రోజులు పట్టింది. మోకాలెత్తు వరకూ చచ్చిన పూత రాల్చి, గుల్లసున్నం, ఇసుకతో మళ్లీ పూయించి, నెల ఆరనిచ్చి, వెల్ల నాలుగు పూతలు వేయించాం. చివరి పూతలో వదిన నీలిమందు కలిపింది, కొంచెం ఎక్కువే పడింది. సున్నం పని తెలిసిన మనిషి కోసం మూడు ఊళ్లు వెతకాల్సి వచ్చింది. దొరికిన పెద్దాయనకు డెబ్బై దాటాయి, పక్కన నేర్చుకునే కుర్రాడు లేడు. మీ ఊళ్లో అలాంటివాళ్లు ఎవరైనా ఉంటే, గోడ పడగొట్టే ముందు ఒకసారి పిలిచి చూపించండి.

కిటికీకి పెడన గుడ్డ కట్టాం. అమ్మ ట్రంకుపెట్టెలోని బొంత తీసి అరుగు మీద బల్లకు పరిచాం. ఈ వానాకాలం ఒకటి గడిచింది. ఆ గదిలో గోడ అడుగున వాన పడ్డప్పుడు తడి మచ్చ కనబడుతోంది, ఎండ రాగానే ఆరిపోతోంది. బొబ్బ లేవలేదు. పక్క గదిలో ప్లాస్టిక్ పెయింటు ఇంకో జానెడు పైకి ఊడింది. చిన్నన్నయ్య స్లాబు మాట ఎత్తడం మానలేదు గానీ, పోయిన వారం వచ్చినప్పుడు వీధి గదిలోనే పడుకున్నాడు.